గట్టిపప్పు

పప్పు వడ్డించడానికి సక్కుబాయికి ఒక పద్ధతి ఉండేది. గరిటెను గిన్నె అడుగుదాకా దించి, గట్టిపప్పు మొదట భర్త అంబదాసు కంచంలో, తర్వాత మరిది పర్శరాములు కంచంలో వేసేది. వాళ్ళు తిని లేచాక, మిగిలిన దాంట్లో చెంబెడు నీళ్ళు పోసి, ఇంత చింతపండు పిసికి, ఉప్పు వేసి మళ్ళీ పొయ్యి మీదికెక్కించేది. ఆ చారు అత్త శంకరవ్వకూ, తనకూ, రెండున్నరేళ్ళ కూతురు సులోచనకూ. ఏడు నెలల బాబు ఎట్లాగూ రొమ్మునే ఉన్నాడు. కోడి పెట్టిన గుడ్డు పర్శరాములుది. అతడు పోలీసు కొలువుకు పోయి, ఛాతీ కొలతలో అంగుళం తక్కువై తిరిగొచ్చాడు. అప్పటినుంచి రోజూ తాలీంకు పోయి కసరత్తు చేస్తున్నాడు. "వదినె, గుడ్డు ఉడకవెట్టినవా?" అన్నదే ఆ ఇంట్లో పొద్దున్నే వినబడే మొదటి మాట.

అది పందొమ్మిది వందల అరవై అయిదు. హుజూరాబాదు సాలెలవాడలో బి.యస్సీ. చదివిన ఆడమనిషి సక్కుబాయి ఒక్కతే. తండ్రి గంగయ్య మొండిపట్టు పట్టి ఆమెను వరంగల్లు హాస్టల్లో ఉంచి కెమిస్ట్రీ చదివించాడు. ఇప్పుడు ఆమె ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చి నాలుగేళ్ళు. నేతసంఘం ఆఫీసులో గుమాస్తాగా ఉన్న అంబదాసు నలుగురి ముందూ "మా ఆమె సైన్సు టీచర్" అని మీసం దువ్వేవాడు. ఇంట్లోకొచ్చాక "సైన్సు చదివినదానివి, చాయ్ ల చక్కెర తక్కువైందో ఎక్కువైందో తెల్వదా?" అనేవాడు. వాకిలి ఊడ్చి, చేదబావి నుంచి నీళ్ళు మోసి, వంట చేసి, బాబుకు పాలిచ్చి, సులోచన ముందు మొక్కజొన్న రవ్వతో వండిన మక్కగట్క గిన్నె పెట్టి, తడి ఆరని జుట్టుతోనే బడికి పరుగెత్తేది సక్కుబాయి. మధ్యాహ్నం గంటకొట్టగానే బాబుకు పాలివ్వడానికి మళ్ళీ ఇంటికి పరుగు. సాయంత్రం వచ్చేసరికి అత్త నూలు చుట్టిన కండెల బుట్ట జరిపి "బడిల పొద్దంత నిలవడి చెప్తవు గని, ఇంట్ల గింత చెయ్యాడిస్తె అరిగిపోతవా?" అనేది. సక్కుబాయి బదులు చెప్పేది కాదు. చదువుకున్న కోడలు పొగరుబోతని అనిపించుకోకూడదని ఆమె అందరి కోడళ్ళకంటే ఒక పాలు ఎక్కువే వంగేది. ఆ వంగడం తన మంచితనమని కూడా నమ్మేది.

ఆ ఏడు వానలు లేవు. బజారులో కందిపప్పు కనబడటమే కష్టమైంది. దొరికిన పిడికెడు పప్పులో నీళ్ళు ఇంకాస్త ఎక్కువయ్యాయి.

కార్తీకంలో ఒక సోమవారం ఆమె పదో తరగతిలో మాంసకృత్తుల పాఠం చెప్పింది. ఆమెకు ఎంతో ఇష్టమైన పాఠం. పుస్తకంలో ఉన్నది ఒకటిన్నర పేజీ, ఆమె చెప్పేది రెండు రోజులు. ఆ రోజు ఇరవై మంది పిల్లలను లేపి వరుసగా నిలబెట్టింది.

"మీరందరు అమైనో ఆమ్లాలు. నడుమ కర్బనం ఉన్నది, అది మీ పెయ్యి. ఎడమచెయ్యి నత్రజని ఉన్న అమైన్ కొస. కుడిచెయ్యి ఆమ్లం కొస. ఇవి రెండు అందరికి ఒక్క తీర్గనే ఉంటయి. మొకం మాత్రం ఏ ఒక్కరిది ఇంకొకరి లెక్క ఉండది. ఇగ పట్టుకోండ్రి చేతులు."

ఒకరి కుడిచేయి పక్కపిల్ల ఎడమచేయిని పట్టుకున్నప్పుడల్లా ఆమె చెంబులోంచి ఒక చుక్క నీళ్ళు కింద చిలకరించింది. రెండు ఆమ్లాలు కలిసినచోట ఒక నీటి అణువు బయటికి పోతుందని చెప్పింది. ఇరవై రకాలే ఉన్నా వాటి వరుస మారితే ఒకటి వెంట్రుక అవుతుంది, ఒకటి కండ అవుతుంది, ఒకటి పట్టుదారమవుతుంది అన్నది. పొడుగ్గా సాగిన గొలుసు అట్లాగే ఉండదని, చుట్టలు తిరిగి, మడతలు పడి, తన పనికి తగిన రూపం తెచ్చుకుంటుందని చెప్పి పిల్లలను మెలికలు తిప్పింది. తరగతి గది నవ్వులతో నిండింది.

రాజం అనే పిల్ల ఆ వరుసలోంచే అడిగింది. "టీచరమ్మా, నడుమ ఒక్క పిల్ల బడికి రాలే అనుకో. అప్పుడెట్ల?"

"గొలుసు ఆడ్నే ఆగిపోతది. కొన్ని ఆమ్లాలు మన పెయ్యి చేసుకుంటది. ఎనిమిది మాత్రం చేసుకోలేదు. అవి ఏ రోజుకారోజు తిండిల రావాలె, దాచిపెట్టుకునేటందుకు అర్ర లేదు. బియ్యంల లైసిన్ అనేది తక్కువ, పప్పుల ఎక్కువ. అందుకే అన్నం, పప్పు కలిపి తినాలె."

"మరి ఉట్టి మక్కగట్క తింటె?"

"పెద్దోళ్ళు ఎట్లనో నెట్టుకొస్తరు. పెరిగే పిల్లలకైతే కష్టం. నెత్తురుల ఆల్బుమిన్ అని ఒక మాంసకృత్తు ఉంటది, నీళ్ళను నరాలల్ల పట్టి ఉంచేది అదే. అది తక్కువైతే నీళ్ళు బయటికి ఊరి కాళ్ళు ఉబ్బుతయి, మొకం ఉబ్బుతది. నల్లటి జుట్టు ఎర్రగైతది."

చాక్‌పీసు పట్టుకుని ఆ మాట చెప్పినప్పుడు ఆమెకు ఎవరూ గుర్తు రాలేదు. తర్వాతి రోజుల్లో సక్కుబాయి తనను తాను ఎన్నిసార్లు తవ్వుకున్నా దొరకని జవాబు అదొక్కటే. ఎందుకు గుర్తు రాలేదు? పొద్దున్నే తానే జడవేసి వచ్చిన తల, తానే గట్క పెట్టి వచ్చిన పిల్ల, కూతవేటు దూరంలో ఉన్న ఇల్లు. బడి గడపకూ ఇంటి గడపకూ మధ్య ఏ నీళ్ళు దాటి వచ్చేదో, చదువంతా అక్కడే వదిలి వచ్చేది.

ఆదివారం పొద్దున సులోచనకు నీళ్ళు పోస్తుంటే పిల్ల ఏడుపు ఆపలేదు. మునుపు ఊరంతా తిరిగే పిల్ల ఈ నెలలో ఉన్నచోటు నుంచి కదలడం లేదు, ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే. వాడలో అందరూ బుగ్గలు గిల్లి "పిల్ల మంచిగ ఒళ్లు చేసింది" అంటున్నారు. వాళ్ళు అన్నప్పుడు సక్కుబాయి కూడా మురిసింది. పాదం తోముతూ వేలితో కాస్త గట్టిగా నొక్కింది. వేలు తీశాక అక్కడ గుంట పడింది. ఆ గుంట పూడలేదు. మరోచోట నొక్కింది. అక్కడా గుంట. తడిసిన జుట్టును ఎండకు పట్టి చూసింది. మొక్కజొన్న పీచు రంగు. రెండు నెలల కిందటే ఆ రంగు కనబడింది. "ఎండకు తిరిగి అయిందేమో" అని తనకు తానే చెప్పుకుని జడ వేసేసింది.

నీళ్ళు ఆగిపోయాయి. చెంబు ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"దవాఖానకు తోల్కపోవాలె" అన్నది భర్తతో.

అంబదాసు పిల్లను పైకీ కిందికీ చూశాడు. "గంత పరేషాన్ ఎందుకే? బొద్దుగనే ఉన్నది గద."

"బొద్దు గాదు. అది నీరు."

"గాలి సోకిందేమో. ధర్మపురి నర్సింహస్వామికి మొక్కుకుందాం" అంది శంకరవ్వ. "దవాఖానల సూదులు పొడిచి సంపుతరు."

"సంఘంల పని ఉన్నది. ఎల్లుండి పోదాం తియ్" అన్నాడు అంబదాసు.

సక్కుబాయి ఆగలేదు. ఒంటిమీదున్న ముతక చీరతోనే బాబును చంకనేసుకుని, సులోచనను భుజాన వేసుకుని, మర్నాడు బడిలో ఇమ్మని పక్కింటి మల్లక్కకు సెలవు చీటీ ఇచ్చి కరీంనగర్ బస్సెక్కింది. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఎవరినీ అడగకుండా ఆమె చేసిన మొదటి ప్రయాణం అదే.

దవాఖానలో నర్సు కాగితం ముందుపెట్టుకుని అడిగింది. "పేరు?"

"సక్కుబాయి."

"ఏం పని చేస్తవ్?"

ఆమె నోరు తెరిచింది. టీచర్ అనబోయింది. పిల్ల కాళ్ళు నర్సు బల్ల మీదే ఉన్నాయి, వాచి, మెరుస్తూ. సైన్సు టీచర్ అని చెబితే ఆ కళ్ళు తనను ఎట్లా చూస్తాయో ఒక్క క్షణంలో కనబడింది.

"సాలోల్ల కోడల్ని. కండెలు చుడ్త."

"చదువొస్తదా?"

"రాదు."

నర్సు సిరా పెట్టె జరిపింది. కాలేజీలో ఫస్టు క్లాసులో పాసైన సక్కుబాయి ఎడమచేతి బొటనవేలు ముంచి కాగితం మీద అద్దింది.

పిల్లల డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి, చిన్న వయసు. సులోచన కనురెప్పలు ఎత్తి చూసింది, పొట్ట తట్టింది, పాదం నొక్కింది.

"పిల్ల రోజూ ఏం తింటుందమ్మా?"

"మక్కగట్క. గంజి. చారు."

"పాలు?"

"తమ్ముడు కడుపుల పడ్డంక మాన్పిచ్చిన."

"పప్పు, గుడ్డు?"

సక్కుబాయి తల అడ్డంగా ఊపింది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, చదువురాని మనిషికి అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పసాగింది. "చూడమ్మా, ఇల్లు కట్టాలంటే ఇటుకలు కావాలి కదా. పిల్ల ఒళ్ళు కట్టడానికి కూడా అట్లాంటివి కావాలి. గట్కతో ఆకలి తీరుతుంది, కానీ ఇటుకలు సరిపోవు. పప్పులో, పాలల్లో, వేరుసెనగల్లో ఉంటాయవి..." సక్కుబాయి తల ఊపుతూ విన్నది, మొదటిసారి వింటున్నదానిలాగా. ఆ మాటల కింద ప్రతి ఆమ్లం పేరూ ఆమెకు తెలుసు.

చివర్లో డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఏడవకు. నీ తప్పేం లేదు. నీకు తెలీదు కదా! తెలిసిన తల్లి ఏదైనా ఇట్లా చేస్తుందా?"

ఆ చెయ్యి ఎంత మెత్తగా ఉందో, ఆ మాట అంత లోతుగా దిగింది.

సక్కుబాయి పిల్లలతో వార్డులోనే ఉండిపోయింది. మూడుపూటలా పాలపొడి కలిపిన పాలు, వేయించిన పల్లీలు, పుట్నాలు దంచి బెల్లంతో ఉడికించిన జావ. మొదట్లో సులోచన మింగలేదు. పిల్ల నోట్లో చెంచా చెంచాగా పోస్తూ, అది మింగిన ప్రతి గుటకకూ సక్కుబాయి గొంతు కదిలేది. ఆకలి చచ్చిపోయేదాకా పిల్లను ఆకలితో ఉంచింది తానే. ఎండకు అయిన రంగు అని సర్దుకున్నదీ తానే. ఒళ్లు చేసిందని మురిసిందీ తానే. మొగుణ్ణి తిట్టుకుందామని చూసింది, అత్తను తిట్టుకుందామని చూసింది. ఎటు తిరిగినా గరిటె పట్టుకున్న చెయ్యి తనదే కనబడేది.

పక్క మంచం మీద సత్తవ్వ కొడుకు, రెండేళ్ళ గట్టయ్య. అదే జబ్బు, పైగా విరేచనాలు. సత్తవ్వ కూలి మనిషి. డాక్టరమ్మ వచ్చిపోయాక ఆమె సక్కుబాయి దగ్గరికి వచ్చి కూర్చుంది.

"అక్కా, డాక్టరమ్మ చెప్పింది నాకు సమజ్ గాలే. ఆమె ఆంధ్ర మాట, గడగడ చెప్తది. ఇంటికి పోయినంక ఏం పెట్టుమన్నది? నా పెద్దపిల్ల ఒకతి ఉన్నది ఇంట్ల, దానికి సుత పెడ్త."

చెప్పాలి. రెండు మాటల్లో చెప్పొచ్చు. కానీ చదువురాని కండెల మనిషి అంత తెలిసినట్టు చెబితే ఎవరైనా వింటారేమో, బొటనవేలి అబద్ధం బయటపడుతుందేమో అనిపించింది.

"నాకు సుత సమజ్ గాలేదు చెల్లె" అంది సక్కుబాయి.

అయిదో రోజు మధ్యాహ్నం గట్టయ్య పోయాడు. డాక్టరమ్మ, నర్సులు పొద్దుటినుంచీ వాడి దగ్గరే ఉన్నారు. విరేచనాలు కట్టలేదు. సత్తవ్వ గోడకు తల కొట్టుకుంటూ ఒక్కటే మాట. "నాకు తెల్వకపాయె కొడుకా... తెల్వకపాయె." సక్కుబాయి ఆమెను పట్టుకుని కూర్చుంది. తెలియనిదాని పిల్లాడు పోయాడు. తెలిసినదాని పిల్ల అదే గదిలో, అయిదు రోజుల తర్వాత మొదటిసారి, పాలగ్లాసు కోసం చెయ్యి చాచింది.

సత్తవ్వను తీసుకుపోవడానికి వచ్చిన బండి గేటు దగ్గర ఆగి ఉంది. సక్కుబాయి వెంట పరుగెత్తి, ఇంటి దగ్గరున్న పెద్దపిల్లకు ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో, ఎట్లా దంచి ఉడికించాలో అంతా చెప్పింది. మూడుసార్లు చెప్పింది. సత్తవ్వ వింటున్నదో లేదో తెలియలేదు. బండి కదిలాక ఒక్కసారి మాత్రం వెనక్కి తిరిగి, "మరి మొన్న సమజ్ గాలేదంటివి గద అక్కా?" అంది.

సక్కుబాయి అక్కడినుంచి నేరుగా డాక్టరమ్మ గదికి పోయింది.

"డాక్టరమ్మా, నేను అబద్ధం చెప్పిన. నేను బి.యస్సీ. కెమిస్ట్రీ. టీచర్ను. మీరు నాకు చెప్పిందంత నేను మా పిల్లలకు పదో తరగతిల చెప్త. నాకు తెలుసు."

డాక్టరమ్మ కలం మూతపెట్టింది. "ఆడపిల్లకు పెట్టొద్దని ఇంట్లో ఎవరన్నా అన్నారా?"

"ఎవ్వరు అనలే. మా అత్తమ్మ అనలే, మా ఆయన అనలే. మా అవ్వ గట్లనే వడ్డించేది. నేను గట్లనే వడ్డించిన."

"మీరేం తింటారు?"

"నేనా?" సక్కుబాయి ఆలోచించింది. నిన్న ఏం తిన్నదో, మొన్న ఏం తిన్నదో గుర్తు రాలేదు. "మిగిలింది."

డాక్టరమ్మ ఓదార్చలేదు. నీ తప్పు లేదని ఈసారి అనలేదు. "మా నాన్న కూడా డాక్టరేనండీ" అంది కిటికీ వైపు చూస్తూ. "మా అన్నయ్యకు పెట్టిన మీగడ నాకెప్పుడూ పెట్టలేదు మా అమ్మ. నేనడగనూ లేదు." తర్వాత సులోచన కాగితం తీసి ఆమె ముందు పెట్టింది. బొటనవేలి ముద్ర పక్కన సక్కుబాయి సంతకం చేసింది.

మూడు వారాలకు సులోచన వాపు తగ్గి ఎముకల గూడై, కానీ నవ్వుతూ ఇంటికి వచ్చింది. వాడంతా చూడటానికి వచ్చారు. అంబదాసు అరుగు మీద నిలబడి "ఏం జేద్దుం, మాకు తెల్వకపాయె" అంటున్నాడు.

"నాకు తెలుసు" అంది సక్కుబాయి గడపలోంచి.

అందరూ పోయాక అతడు లోపలికి వచ్చాడు. "నలుగుర్ల గట్లంటవా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

ఆమె పప్పుగిన్నె దించింది. గరిటె అడుగుదాకా దించి గట్టిపప్పు ముందుగా సులోచన గిన్నెలో వేసింది. ఉడికిన గుడ్డు ఒలిచి అదే గిన్నెలో పెట్టింది. పర్శరాములు ఆ గుడ్డు వైపు చూసి, తల దించుకుని, "పిల్లకే పెట్టు వదినె. గది దాని నోటికాడిదని నాకెవ్వరు చెప్పలే" అన్నాడు. సక్కుబాయి మిగిలిన పప్పును అందరికీ సమంగా వేసి, అత్తకు కంచం పెట్టి, తనకూ ఒకటి పెట్టుకుని వాళ్ళతోపాటే కూర్చుంది. అంబదాసు ముద్ద చేతిలో పట్టుకుని చూస్తుండిపోయాడు. ఆమె కడుపునిండా తిన్నది.

నాలుగు రోజులు శంకరవ్వ కోడలితో మాట్లాడలేదు. కోపమనుకుంది సక్కుబాయి. అయిదో రోజు సాయంత్రం అత్త రాట్నం ముందు కూర్చుని కండె చుడుతూ, తల ఎత్తకుండానే పిలిచింది.

"సక్కవ్వా, ఒకటి అడుగుత. అబద్ధం చెప్పకు."

"అడుగుండ్రి అత్తమ్మా."

"అంబదాసుకు ముందుగాల నాకు ఇద్దరు ఆడివిల్లలు. నీకు తెల్వది, ఈ ఇంట్ల ఆ ముచ్చట ఎవ్వరు తియ్యరు. ఒకతి మూడేండ్లకు, ఒకతి రెండేండ్లకు. ఇద్దరికి పాలు మాన్పిచ్చినంకనే కాళ్ళు వాసినయి, మొకం వాసింది. ఏడ్సుడే ఏడ్సుడు. దేవత సూపు వడ్డదన్నరు. ఎల్లమ్మకు యాటపోతును కోసిన. ఇద్దరు పోయిండ్రు." రాట్నం తిరుగుతూనే ఉంది. "గది గిదేనా?"

తెలియదని చెప్పొచ్చు. ముప్పై ఏళ్ళ కిందటి మాట, ఎవరు చూశారు అనొచ్చు. ముసలి ప్రాణం, మిగిలిన రోజులు ప్రశాంతంగా ఉండనివ్వడమే దయ అనిపించింది. కానీ సక్కుబాయి ఇక అబద్ధం ఆడలేకపోయింది.

"అవునేమో అత్తమ్మా. మీరు చెప్తున్నది చూస్తె గిదే అనిపిస్తుంది."

రాట్నం ఆగింది. శంకరవ్వ ఏడవలేదు. తెగిన దారం కొస కోసం కండెను అటూ ఇటూ తిప్పింది.

"నీకు ఎప్పటిసంది ఎరుక?"

"కాలేజీల చదివిన."

"అంటె ఈ ఇంటికి రాకముందుగాలనే."

"అవును."

"మరి నాకెందుకు చెప్పలే, పిల్లా?"

ఆ ప్రశ్నలో కోపం లేదు. అందుకే సక్కుబాయికి తప్పించుకోవడానికి చోటు దొరకలేదు. నాలుగేళ్ళు ఒకే పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి. ఊళ్ళో పిల్లలందరికీ చెప్పిన మాట ఈమెకు ఎన్నడూ చెప్పలేదు. వేలిముద్ర మనిషి, ఈమెకేం అర్థమవుతుంది అనుకుంది. పొగరు చూపకూడదని వంగి వంగి నడిచిన తనలో అసలు పొగరు ఎక్కడ దాక్కుని ఉందో ఇప్పుడు కనబడింది.

దిద్దాల్సిన పరీక్ష కాగితాలు పక్కకు జరిపి, సక్కుబాయి అత్తకు ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"తప్పయింది అత్తమ్మా. చెప్త. మొదటిసంది చెప్త, వినుండ్రి."

శంకరవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, చేత్తో గోడ అవతలికి చూపించింది.

"జర గట్టిగ చెప్పు. మల్లక్కకు సుత ఇనవడాలె. దాని చిన్నపిల్లకు నిన్నటిసంది కాళ్ళు వాసినయి."